కిలోకన్నా తక్కువ

క్రితం వారం నన్ను బస్సు షెడ్డులో, చేతిలో తడిగుడ్డతో వదిలేశాం కదా. పొద్దుటి ట్రిప్పు ముగించి, బడిపిల్లలు సీట్లకు అతికించి పోయిన బబుల్‌గమ్ గీకుతుండగా రిపేరు షాపాయన ఫోన్ చేశాడు. మా బామ్మర్ది లాప్‌టాప్ సిద్ధమైపోయిందన్నాడు. నేను సంతోషించేలోపే, "మీరొక్కరే రండి, మేడమ్ గారిని తీసుకురావద్దు" అని పెట్టేశాడు. బాగైపోయిన వస్తువు కోసం ఒక్కణ్ణే ఎందుకు రమ్మంటున్నాడో నాకు అంతుపట్టలేదు.

కథలోకి ఇప్పుడే వచ్చినవాళ్ళ కోసం మా ఇంటి సంగతి నాలుగు ముక్కల్లో చెప్తాను. మా ఆవిడ ఇంట్లోనే కర్టెన్లు కుడుతుంది. ఆమెకు ఒక్కడే తమ్ముడు. కండరాలు ఒకదాని తర్వాత ఒకటి పని మానేసే జబ్బు వాడిది. ముందు కాళ్ళు పోయాయి, తర్వాత నడుము, ఆ తర్వాత భుజాలు. చేతివేళ్ళు అన్నిటికన్నా చివర పోతాయనీ, ఆ తర్వాత ఊపిరి వంతు వస్తుందనీ పెద్ద డాక్టరు మాకు ముందే వివరంగా చెప్పాడు. ఆయన అంత వివరంగా చెప్పకపోయినా మేమేమీ అనుకునేవాళ్ళం కాదు.

మంచం మీద వెల్లకిలా పడుకునే ఉండేవాడికి లోకమంటే పొట్ట మీద పెట్టుకునే లాప్‌టాపే. అది కిలోకన్నా తక్కువ బరువుంటుంది. అంతకన్నా బరువైనది పెడితే వాడికి ఊపిరాడదు. అందులో ఒక ఆట ఆడతాడు. ఎక్కడెక్కడివాళ్ళో అయిదుగురు ఇంటర్నెట్లో కలిసి ఒక కోటను కాపాడుకోవాలి. మావాడు ఆ జట్టుకు కెప్టెన్. శత్రువు దూసుకొచ్చే క్షణంలో కోట గేటు వెయ్యడం కెప్టెన్ పని. తొందరపడితే మనవాళ్ళు బయట చిక్కుకుంటారు, ఆలస్యమైతే శత్రువు లోపలికొచ్చేస్తాడు. గేటు మీట కెప్టెన్ దగ్గర ఒకటి ఉంటుంది. అతని ఇంటర్నెట్ తెగిపోతే ఆదుకోవడానికి ఉపకెప్టెన్ దగ్గర ఇంకొకటి ఉంటుంది. ఆ ఉపకెప్టెన్‌ని అందరూ పిడుగు అంటారట. ఆడపిల్లని మాత్రం తెలుసు.

వానలు మొదలైనప్పటినుంచి మావాడి గేటు ఆలస్యంగా పడుతోంది. పైగా ఆటవాళ్ళు ఆటను కొత్తగా మార్చారు, పాత లాప్‌టాప్‌లు దాన్ని మొయ్యలేవని చెప్పుకుంటున్నారు. ఆదివారం పెద్ద పోటీ. లోపమంతా లాప్‌టాప్‌దేనని మా ఆవిడ తేల్చేసింది. దాన్ని బాగుచేయించే దాకా నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

రిపేరు షాపు ఒక మేడమెట్ల కింద ఉంటుంది. లోపల నిలబడితే నెత్తికి మెట్టు తగులుతుంది. షాపాయన స్టూలు మీదనుంచి లేవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు మాత్రం నన్ను చూడగానే లేచాడు. లేచి, తల కొట్టుకుని, మళ్ళీ కూర్చున్నాడు.

చేసిన పనంతా ముందు చెప్పుకొచ్చాడు. చెప్పడానికి ఇష్టంలేని మాట ఏదో వెనకాల ఉందని ఆ వరసలోనే నాకు తెలిసిపోయింది. ఇంత పల్చటి లాప్‌టాప్‌లలో ర్యామ్ విడిగా తీసి మార్చేది కాదట, బోర్డుకే అతికించేసి ఉంటుందట. అందుకని ఇదే మోడల్‌లో స్క్రీను పగిలినదాన్ని ఎక్కడో వెతికి పట్టుకుని, రెట్టింపు ర్యామ్ ఉన్న దాని బోర్డును తీసి మనదాంట్లో పెట్టాడు. స్టోరేజీ కొత్తది వేశాడు. ఫ్యాన్ దులిపాడు. ప్రాసెసర్ మీద అట్టకట్టిన పేస్టును గీకి కొత్తది రాశాడు. పాతదాంట్లో మైకు ఎప్పుడో చచ్చిపోయిందని, ఈ బోర్డుతో అది కూడా బతికిందని చెప్పాడు. నేను సరేనని తలూపాను. మావాడు ఆటలో మాట్లాడడు, రెండు ముక్కలు టైపు చేసి ఊరుకుంటాడు. వాడికి మైకుతో పనేముంది అనుకున్నాను.

మా ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, ఒక్క గ్రాము కూడా పెరగకూడదని. షాపాయన దానికోసం ఇంట్లోంచి వంటింటి కాటా తెచ్చి పెట్టుకున్నాడు. నా కళ్ళముందే తూచాడు. బరువు పెరగలేదు సరికదా, ఇసుమంత తగ్గింది.

"దుమ్ము బరువండీ" అన్నాడు.

ఇద్దరం నవ్వాం. ఆయన నవ్వు ముందు ఆగిపోయింది.

ఆట తెరిచి, సాధన కోటలోకి వెళ్ళి, నన్ను కూర్చోబెట్టాడు. శత్రువు రాగానే ఈ మీట నొక్కమన్నాడు. మా డ్రైవర్లకు ఏటా ఇలాంటి పరీక్షే ఒకటుంటుంది. ఎర్రలైటు వెలగ్గానే కాలితో బ్రేకు తొక్కాలి, ఎంత ఆలస్యమైందో మిషను చెప్తుంది. అందుకని నాకేమీ కష్టమనిపించలేదు. శత్రువు వచ్చాడు, నొక్కాను, గేటు దబ్బున పడింది. ఇంకోసారి నొక్కితే ఇంకోసారీ అలాగే పడింది. ఆట మొహం ఎరగని నేనే కోటను కాపాడేస్తున్నాను. ఇంటికెళ్ళి బామ్మర్దిని ఎలా ఏడిపించాలో మనసులో అప్పుడే తయారు చేసుకుంటున్నాను.

"బాగుంది కదండీ" అన్నాడు షాపాయన. "పాత బోర్డుతో కూడా ఇలాగే పడింది."

నాకు అర్థం కాలేదు. ఆయన నా మొహం చూడకుండా చెప్పాడు.

"నిన్న మీ బామ్మర్ది ఫోన్ చేశాడు. అన్నా, దీనికేం చెయ్యలేమని చెప్పి పంపించెయ్యి అన్నాడు. అప్పటికే నేను బిగించేశాను. ఎందుకయ్యా అంటే పెట్టేశాడు. నాకు మనసాగలేదు. మళ్ళీ విప్పి, పాత బోర్డు పెట్టి, ఈ ఆటే ఆడి చూశాను. కాస్త వేడెక్కింది, బొమ్మ అక్కడక్కడా తడబడింది. గేటు మాత్రం నొక్కిన వెంటనే పడింది. లాప్‌టాప్‌లో లోపమేం లేదండీ."

డాక్టరు చెప్పిన వరస మొత్తం, కాళ్ళు, నడుము, భుజాలు, ఆ మెట్ల కింద మళ్ళీ ఒకసారి వినపడింది. వానల రోజులనుంచి అంటే ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టబోయి మానేశాను.

మళ్ళీ పాతది పెట్టమంటే పెద్ద పని కాదని ఆయనే అన్నాడు. కుదరలేదని చెప్పెయ్యండి, తప్పు నా మీద వేసుకుంటాను, నన్ను తిట్టుకుంటారు అంతేగా అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆ మనిషి మీద నాకు ప్రేమ పుట్టింది. కానీ మా ఆవిడ దగ్గర అబద్ధం ఆడి నెగ్గుకొచ్చిన చరిత్ర నాకు లేదు. పైగా పాతది పెట్టించి తీసుకెళ్తే ఆమె ఊరుకోదు, ఇంకో షాపు వెతుకుతుంది, అది కాకపోతే ఇంకోటి. ఏం చెయ్యాలో తోచక రెండూ ఇమ్మన్నాను. పాత బోర్డును ఒక కవర్లో చుట్టి, సంచిలో లాప్‌టాప్ పక్కన పెట్టాడు.

ఇంటికి వెళ్ళేసరికి కుట్టుమిషను చప్పుడు వీధిలోకి వినిపిస్తోంది. నా అడుగు గుమ్మంలో పడగానే ఆగిపోయింది. ఎవరి కిటికీకో కుడుతున్న నీలం కర్టెను సగంలో వదిలేసి మా ఆవిడ లేచి వచ్చింది. సంచి లాక్కుని, లాప్‌టాప్‌ను రెండు అరచేతుల్లో పెట్టుకుని, ఎత్తి దించి చూసింది.

"తేలిగ్గానే ఉందండీ" అంది. పెళ్ళయిన కొత్తలో ఎప్పుడో చూసిన నవ్వు అది. నేను చెప్పులు విప్పుకునే పని పెట్టుకుని తల వంచేశాను.

గదిలో మావాడు కిటికీ వైపు చూస్తున్నాడు. మామూలుగా నన్ను చూడగానే, "ఏం బావా, ఇవాళ ఎన్ని గోడలు గుద్దావ్?" అంటాడు. నేను, "మీ కోట గోడ ఒక్కటే మిగిలిందిరా" అంటాను. ఏళ్ళ తరబడి ఇవే మాటలు, మాకు విసుగు పుట్టలేదు. ఆ రోజు వాడు ఏమీ అనలేదు. నా మొహం చూశాడు, సంచి చూశాడు, మళ్ళీ నా మొహం చూశాడు. షాపాయన నాకు చెప్పేశాడని వాడికి ఆ ఒక్క చూపుతో తెలిసిపోయింది.

మా ఆవిడకు ఇదేమీ పట్టలేదు. తమ్ముడి తల కింద దిండు సర్ది, మోచేతుల కింద చిన్న మెత్తలు పెట్టి, లాప్‌టాప్‌ను పొట్ట మీద పెట్టింది. ఆ మెత్తలు ఆమె కుట్టినవే, కర్టెన్ గుడ్డ మిగిలినప్పుడల్లా ఒకటి కుడుతుంది. వాడు కాసేపయ్యాక ఆడతానన్నాడు. ఆమె వినలేదు. అలసటగా ఉందన్నాడు. రెండు ఆటలు ఆడి పడుకోమంది. ఇయర్‌ఫోన్లు తగిలించాలన్న ధ్యాస కూడా లేకుండా తనే ఆట తెరిచేసింది. వాడు తెరిచిందే రోజూ చూస్తుంది కాబట్టి ఆమెకు దారి తెలుసు.

జట్టు గది తెరుచుకుంది. నాలుగు పేర్లు వెలిగాయి. వెంటనే గదిలోకి గొంతులు వచ్చిపడ్డాయి. ఇన్నేళ్ళుగా వాడి చెవుల్లోనే ఉన్న మనుషులు మొదటిసారి మా ఇంట్లో మాట్లాడారు. ఎవరో మగమనిషి, కెప్టెన్ వచ్చాడర్రా అన్నాడు. కొత్త లాప్‌టాపేనా, ఇక మనకు తిరుగులేదన్నాడు ఇంకొకడు. మా ఆవిడ మురిసిపోయి, చుట్టాలొచ్చినట్టు చీర కొంగు సర్దుకుంది.

ఆట మొదలైంది. కొండ మీదనుంచి శత్రువు దిగాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి, తెర చూడకుండా వాడి వేలు చూశాను. శత్రువు గేటు ముందుకొచ్చాడు. వాడి కనుబొమలు కదిలాయి, అంటే వాడి మెదడు నొక్కమని చెప్పేసింది. వేలు ఇంకా కదలలేదు. తర్వాత కదిలింది, మీట మీద వాలింది, దాన్ని కిందికి నొక్కడానికి ఇంకాస్త సమయం తీసుకుంది. కోట పోయింది. మా బస్సు పరీక్షలో ఇంత ఆలస్యమైతే ఆ డ్రైవరు చేతికి మళ్ళీ బండి ఇవ్వరు.

పర్వాలేదు కెప్టెన్, కొత్తది కదా, చెయ్యి అలవాటు పడాలి అంది ఒక మగ గొంతు. రెండో ఆట మొదలైంది. అదీ అలాగే పోయింది.

మా ఆవిడ నెట్ బాగోలేదంది. వైఫై డబ్బాను కిటికీలోంచి తీసి మంచం పక్కకు తెచ్చింది. షాపాయన సరిగ్గా బిగించలేదేమో, ఒకసారి ఫోన్ చెయ్యండి అంది. నేను కదల్లేదు. ఫోన్ చెయ్యమంటుంటే అంది మళ్ళీ, ఈసారి గొంతు పెంచి.

"అక్కా" అన్నాడు మావాడు. "లాప్‌టాప్ బాగుంది."

"బాగుంటే గేటెందుకు పడట్లేదురా?"

"పాతది కూడా బాగానే ఉండేది."

ఆమె నావైపు తిరిగింది. నేను సంచిలోంచి కవరు తీసి బల్ల మీద పెట్టాను. అంతకన్నా ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. వాడు ఆ కవరును చూసి, "తెచ్చావా బావా, అక్కడే పెట్టించుకు రావాల్సింది" అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు. ఉంటే నాకు బాగుండేది.

ఆ తర్వాత వాడే చెప్పాడు. వానల రోజుల్లో ఒక పొద్దున లేచేసరికి చూపుడువేలు తనది కానట్టు అనిపించిందట. సాయంత్రానికి గేటు ఆలస్యమైంది. అప్పుడు అక్క వచ్చి తెర చూసి, ఈ వెధవ లాప్‌టాప్ ముసలిదైపోయింది అని తిట్టింది. ఆ తిట్టు వినగానే ప్రాణం హాయిగా అనిపించిందట. అక్కడినుంచి ఆమె రోజూ దాన్ని తిడుతుంటే వాడు రోజూ హాయిగా నిద్రపోయాడు. బాగుచేయిస్తానని ఆమె పట్టుబట్టినప్పుడే వాడికి భయం పట్టుకుంది.

"నువ్వు దాన్ని బాగుచేయించకుండా ఉండాల్సింది అక్కా" అన్నాడు. "అది పాడైపోయిందనుకుంటూ బతికేవాణ్ణి."

మా ఆవిడ అరుస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఏమీ చెయ్యలేదు. మంచం అంచున కూర్చుని, లాప్‌టాప్ మీదున్న వాడి రెండు చేతులూ తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. ఒక్కొక్క వేలూ నిమురుతూ ఉండిపోయింది.

"నాకు తెలియదనుకున్నావా?" అంది చివరికి. "నీకు అన్నం తినిపించేది నేను. నీ చేతిలో చెంచా ఎప్పుడు జారిందో నాకు తెలియదా?"

నేను గుమ్మం పట్టుకున్నాను. ఒకే పక్క మీద పడుకునే మనిషి ఇంత కాలం ఇంత బరువు దాచుకుంటే నాకు తెలియలేదు.

"మరి ఎందుకు చేయించావ్?" అన్నాడు వాడు.

"లాప్‌టాప్‌దే లోపమైతే బాగవుతుందిగా."

పెద్ద ఆసుపత్రులు తిరిగినప్పుడు కూడా నేను ఇంత నిస్సహాయంగా నిలబడలేదు. అప్పుడు వెళ్ళడానికి ఇంకో ఆసుపత్రి ఉండేది. ఇప్పుడు మా దగ్గర ఎక్కడా లోపంలేని ఒక లాప్‌టాప్ ఉంది.

మళ్ళీ మావాడే అక్కను ఓదార్చడం మొదలుపెట్టాడు. మొన్నటిదాకా ఆడిన ఆటల్లో సగం గేట్లు సరిగ్గానే పడ్డాయన్నాడు. వేలికి ఇంకా ఓపిక ఉందన్నాడు. ఇవాళ రెండు పోయాయి గానీ, రోజూ అలా ఉండదన్నాడు.

"ఆ సగం చాలక్కా నాకు. అవి నేను వేసినవే కదా. పొద్దున లేవగానే వాటినే తలుచుకుంటాను."

ఆమె తలూపింది. నేనూ ఊపాను. ఆ సగం గేట్లను ముగ్గురం గట్టిగా పట్టుకున్నాం.

అప్పుడు గమనించాను, తెర మీద ఆట ఆగలేదు. మూడో ఆట దానంతటదే మొదలైపోయి చాలాసేపయింది. జట్టువాళ్ళ గొంతులు కూడా ఎప్పుడో ఆగిపోయాయి, ఎందుకు ఆగిపోయాయో నేను ఆలోచించలేదు. కొండ మీదనుంచి శత్రువు దిగుతున్నాడు. మావాడి చేతులు అక్క ఒళ్ళో ఉన్నాయి. కెప్టెన్ లేని కోట ఎలాగూ పోతుందని ఊరికే చూస్తున్నాను.

శత్రువు గేటు ముందుకొచ్చాడు. గేటు పడింది.

రెప్పపాటు తేడా లేకుండా, రావాల్సిన క్షణానికి వచ్చి దబ్బున పడింది. కోట నిలిచింది.

మావాడు కూడా చూశాడు. అక్క చేతులవైపు చూశాడు, అవి వాడి చేతుల్ని పట్టుకునే ఉన్నాయి. నావైపు చూశాడు, నేను మంచానికి ఆమడ దూరంలో గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"ఎవరు నొక్కారు?" అన్నాడు.

"నేనే, కెప్టెన్" అంది లాప్‌టాప్.

ఆడపిల్ల గొంతు. చిన్నపిల్ల కాదు, జలుబు చేసినట్టుంది. లేదా ఏడ్చినట్టుంది. మైకు బతికిందని షాపాయన చెప్పిన మాట నాకప్పుడు గుర్తొచ్చింది. ఈ గదిలో మేము మాట్లాడుకున్నదంతా, చెంచా దగ్గర్నుంచి సగం గేట్ల దాకా, నలుగురూ విన్నారు. ఇంట్లో చుట్టాలు కూర్చుని ఉండగా మేము బట్టలిప్పుకున్నట్టయింది.

"పిడుగా?" అన్నాడు వాడు. వాళ్ళు వాడి గొంతు వినడం అదే మొదటి రోజు.

"నేనే. కొత్త లాప్‌టాప్ వచ్చింది కదా, ఇక నీ గేటు నువ్వే వేసుకుంటావేమోనని రెండాటలు ఆగి చూశాను. అంతకుముందు నుంచీ..." ఆగిపోయింది. ఎక్కడో అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. "నీకు తెలియకుండా నేనూ నొక్కేదాన్ని కెప్టెన్. నీదే పడిందనుకుంటావని. అన్నీ పడితే అనుమానం వస్తుందని సగం వదిలేసేదాన్ని."

"ఎప్పట్నుంచి?"

ఆమె చెప్పక్కర్లేదు. వానల రోజులనుంచి పడిన గేట్లన్నీ ఒక్కొక్కటే వాడి మొహంలోంచి రాలిపోవడం నేను చూశాను. వాడికి మిగిలిన సగం కూడా వాడిది కాదు.

"మూసెయ్యక్కా" అన్నాడు.

మా ఆవిడ కదల్లేదు. కావాలని కదల్లేదో, కదలడం చేతకాలేదో ఇప్పటికీ నాకు తెలియదు. నన్ను పిలిచాడు. నేను గుమ్మం వదల్లేదు. వాడు ఇక మమ్మల్ని అడగలేదు. అక్క ఒళ్ళోంచి కుడిచెయ్యి ఈడ్చుకుని, లాప్‌టాప్ అంచు మీదకు ఎక్కించి, ఆపే బటను వైపు చూపుడువేలు జరపడం మొదలుపెట్టాడు.

"ఆపొద్దు కెప్టెన్" అంది పిడుగు. చప్పుడు విని కనిపెట్టిందేమో. "తిట్టు, ఏమన్నా అను. ఇది విన్నాక ఆపేద్దువుగాని. ఆదివారం పోటీ గురించి మేము నలుగురం ఒకటి అనుకున్నాం. నీకు చెప్పలేదు. నువ్వు ఒప్పుకోవని..."

వేలు మీటల మీదుగా పాకుతోంది. ఒక్కొక్క మీట దాటడానికి దానికి ఒక్కొక్క ఊపిరి పడుతోంది. మా ఆవిడ వాడి మణికట్టు మీద చెయ్యి వేసింది గానీ పట్టుకుని ఆపలేదు. బటను ఇంకా రెండు మీటల దూరంలో ఉంది, ఆ పిల్ల చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది.

వానల రోజులనుంచి ఆ గేటు తొందరగా పడాలని నేను దేవుళ్ళందరికీ మొక్కాను. ఆ వేలు ఆలస్యం కావాలని మొక్కుకున్నది ఆ రోజే.